రంగు డబ్బా మూత తీసే ముందు: ఔట్‌బోర్డు ప్రొపెల్లర్‌ని సిద్ధం చేసుకునే పద్ధతి

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే మా విశాఖ వైపు ఫైబర్ బోట్లన్నీ ఇసుక మీదికెక్కుతాయి. జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజన్లకి సెలవు, నాలాంటి మెకానిక్కులకి పని. ఇంజను తెచ్చిన ప్రతి పెద్దాయనా వెళ్తూ వెళ్తూ అనే మాట: "బాబూ, ఆ ఫ్యానుకి కూడా ఓ రంగు కొట్టీ." కొట్టడం అరగంట పనే. అది వినాయక చవితి కూడా దాటకుండా పెచ్చులూడితే మాత్రం అందరూ రంగు కంపెనీని తిడతారు. నేను చూసినంతలో తప్పు రంగుది కాదు, దాని కింద ఉండిపోయిన ఉప్పుదీ జిడ్డుదీ.

ఫ్యాను అంటే ప్రొపెల్లరే. నేను చెప్పేది ఔట్‌బోర్డుకి, అంటే పడవ వెనక బయట తగిలించే ఇంజనుకి, ఉండే అల్యూమినియం ప్రొపెల్లర్ గురించి. పెద్ద మరబోట్లకుండే కంచు ప్రొపెల్లర్ సంగతి వేరు. దాన్ని గీకి, నునుపు చేసి, రంగు లేకుండానే నీళ్ళలో దింపేవాళ్ళు చాలామంది. దాని మీద గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే జింకు కరిగిపోయి లోహం గుల్లబారిందని అర్థం. అక్కడ రంగు వేయడమంటే జబ్బుని కప్పిపెట్టడమే.

విప్పే ముందు ప్లగ్గు వైరు లాగేయండి, సెల్ఫ్ స్టార్టు ఉంటే బ్యాటరీ తీసేయండి. చేత్తో రెక్క తిప్పినా ఇంజను అందుకునే అవకాశం ఉంది, అప్పుడు పోయేవి వేళ్ళు. రెక్కకీ పైన ఉన్న ప్లేటుకీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి, స్ప్లిట్ పిన్ను తిన్నగా చేసి లాగి, నట్టు విప్పండి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో గుడ్డ మీద పేర్చి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్రొపెల్లర్ వెనక ఉండే మందపాటి వాషరు ఒక్కోసారి గ్రీజుకి అంటుకుని షాఫ్టు మీదే ఉండిపోతుంది, దాన్ని మర్చిపోవద్దు. ప్రొపెల్లర్ పట్టేసి రాకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. రెక్క మీద సుత్తి దెబ్బ వేయొద్దు.

ఊడిరాగానే షాఫ్టు మొదట్లోకి చూడండి. నైలాన్ వల పోగులు అక్కడ చుట్టుకుని, వేడికి కరిగి ఉండలా గట్టిపడి ఉంటాయి. ఆయిల్ సీలుని కోసేది అవే. అవి దొరికితే గేర్ ఆయిల్ కొంచెం కిందికి తీసి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు దిగాయి. ముందు సీలు మార్చుకోవాలి, రంగు తర్వాత.

ఇక రెక్కలకి అంటుకుని పెరిగే సముద్రపు గుల్లలు. అవి తడిగా ఉన్నప్పుడే వదులుతాయి, ఎండితే రాయే. అందుకే బోటు ఒడ్డుకెక్కిన రోజునే గీకమంటాను. ఇనుప ఉలి వద్దు, గట్టి ప్లాస్టిక్ ముక్కో చెక్క పలకో చాలు. గుల్ల ఊడాక కింద తెల్లటి సున్నపు చక్రం మిగులుతుంది. దాని మీద వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు కప్పి ఉంచితే మెత్తబడుతుంది, అప్పుడు రుద్ది మంచినీళ్ళతో బాగా కడిగేయాలి. బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వకండి. రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి. బుసబుసా నురగ వస్తుంటే మురికి పోతోందని కొందరు సంబరపడతారు, పోయేది రెక్క.

ఇక్కడే అందరూ తొందరపడి ఎమరీ పేపరు అందుకుంటారు. ఆగండి. జిడ్డు మీద రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. ముందు గిన్నెలు తోమే సబ్బుతో వేడినీళ్ళలో కడగాలి, ఆరాక థిన్నర్‌తో తుడవాలి. రెండు గుడ్డలు పెట్టుకోండి: తడి గుడ్డతో ఒక్క వైపే తుడుస్తూ పోవాలి, థిన్నర్ ఆరేలోపు పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో గుండ్రంగా తిప్పితే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది, అంతే. కిరసనాయిలు చేతికి దొరుకుతుంది కదా అని దాంతో తుడిస్తే ఎండాక కూడా నూనె పొర మిగిలిపోతుంది. తర్వాత రెక్క మీద మంచినీళ్ళు పోసి చూడండి. నీళ్ళు పల్చటి పొరగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. తామరాకు మీద నీళ్ళలా బొట్లు బొట్లుగా విడిపోతే మళ్ళీ మొదటికి.

శుభ్రమైన రెక్కని ఇప్పుడు వెలుతురులో పరీక్షగా చూడండి. మొదళ్ళ దగ్గర సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఆ ప్రొపెల్లర్ పక్కన పెట్టేయండి. రెక్క వంగిందేమో తెలియాలంటే నున్నటి గచ్చు మీద బోర్లించి ప్రతి రెక్క అంచూ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. చిన్న నొక్కులుంటే ఆకురాయితో సరిచేయొచ్చు, ఒక రెక్కకి ఎంత తీస్తే మిగతా వాటికీ అంతే తీయాలి. లేకపోతే బరువు తేడా వచ్చి ఇంజను వణుకుతుంది. మధ్యలో రబ్బరు బుష్ ఉన్న రకమైతే, బుష్ మీదా బయటి లోహం మీదా కలుస్తూ ఒక గీత గీసి పెట్టుకోండి. కొన్నాళ్ళకి ఆ గీత రెండు ముక్కలై పక్కకి తప్పిందంటే బుష్ జారుతున్నట్టే.

రుద్దడానికి పెచ్చులూడిన చోట 80 నంబరు ఎమరీ పేపరు, ఆ తర్వాత 120, చివర 220. పాత రంగు గట్టిగా పట్టుకునుంటే మొత్తం పీకనక్కర్లేదు. దాని అంచు మీద గోరు నడిపితే మెట్టు తగలకూడదు, అంతవరకు అరగదీస్తే చాలు. నీళ్ళతో రుద్దండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి. మామూలు ఇనుప బ్రష్షు వాడితే దాని ముక్కలు అల్యూమినియంలో గుచ్చుకుని రంగు కిందే తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షు వాడండి. తెల్లటి పొడి నిండిన గుంటల్ని మెరిసే లోహం కనబడేదాకా తోడాలి.

మధ్య రంధ్రంలోని పళ్ళకీ, వాషరు ఆనే ముఖాలకీ రంగు అంటకూడదు. రంధ్రంలో కాగితం చుట్ట దోపి టేపు వేయండి. ఇంజను కింద ఉండే జింకు దిమ్మకి కూడా ఎప్పుడూ రంగు పూయొద్దు, అది తాను కరిగి మిగతా లోహాన్ని కాపాడాలి.

రుద్దిన అల్యూమినియం మీద గాలికి వెంటనే ఆక్సైడ్ పొర కడుతుంది, పైగా మనది ఉప్పుగాలి. అందుకే చివరిసారి థిన్నర్‌తో తుడిచాక వేలు తగలనీయకుండా అదే పూట ప్రైమర్ వేయాలి. సాయంత్రం పని పెట్టుకోవద్దు, మంచు తేమ దిగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలోనూ వద్దు, కాలిన లోహం మీద ప్రైమర్ పరుచుకోకముందే ఆరిపోతుంది. పొద్దున్న తొమ్మిది దాటాక, నీడలో, తీగకి వేలాడదీసి వేయండి. ఇనుప గేట్లకి కొట్టే రెడ్ ఆక్సైడ్ దీని మీద నిలవదు, అల్యూమినియానికి పనికొచ్చే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే రకం) గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ అడగండి. పడవ అడుగుకి పూసే రాగి కలిసిన రంగు మిగిలిందని ప్రొపెల్లర్‌కి పూయొద్దు. ఉప్పునీళ్ళలో రాగి పక్కన అల్యూమినియం తినేయబడుతుంది.

అంచుల మీద రంగు పల్చబడుతుంది కాబట్టి ముందు చిన్న బ్రష్షుతో అంచులకి ఒక చేయి వేసి, తర్వాత మొత్తానికి రెండు పల్చటి చేతులు వేయండి. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే నీళ్ళలో దింపాలి. బిగించేటప్పుడు షాఫ్టు పళ్ళకి మెరైన్ గ్రీజు రాసి, స్ప్లిట్ పిన్ను మాత్రం కొత్తది వేయండి.