ఒక్క రోజులో రెండు ఢిల్లీలు చూడాలంటే

ఢిల్లీ వెళ్లొచ్చిన మనవాళ్లని అడిగి చూడండి, సగం మంది "అబ్బో, ఏం రోడ్లండీ, ఏం చెట్లండీ" అంటారు, మిగతా సగం "ఆ జనం, ఆ ఇరుకు, మళ్లీ వెళ్లను బాబోయ్" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే చెరో ఊరు చూసొచ్చారు. షాజహాన్ 1639లో మొదలుపెట్టి కట్టించిన షాజహానాబాద్ ఒకటి. రాజధానిని కలకత్తా నుంచి మారుస్తున్నామని 1911 డిసెంబర్‌లో ప్రకటించాక బ్రిటిష్ వాళ్లు తాపీగా కట్టుకుంటూ పోయి 1931లో ప్రారంభించిన న్యూఢిల్లీ ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య దూరం మెట్రోలో ఐదు స్టేషన్లే. అందుకే రెండూ ఒకే రోజు చూడమంటాను, పొద్దున పాతది, సాయంత్రం కొత్తది. క్యాబ్ మాట్లాడుకుని కిటికీలోంచి చూసే పని మాత్రం పెట్టుకోకండి.

సోమవారం ఎర్రకోటకి సెలవు, ఆదివారం చాందినీ చౌక్‌లో చాలా షాపులు మూసే ఉంటాయి, కాబట్టి మంగళవారం నుంచి శనివారం లోపు ఏదో ఒక రోజు చూసుకోండి. ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలైతే హాయి. నవంబర్‌లో పొగ. మే, జూన్‌లో రెంటచింతల ఎండకి అలవాటు పడ్డవాళ్లు కూడా మధ్యాహ్నం నడవలేరు.

న్యూఢిల్లీ స్టేషన్‌లో రైలు దిగితే మెట్రో అజ్మేరీ గేట్ వైపు ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకోండి. మొదటిసారి నేను పహాడ్‌గంజ్ వైపు బయటికొచ్చి నిలబడితే ఒకాయన ఎంతో మర్యాదగా "ఈరోజు మెట్రో బంద్" అని చెప్పి ఆటో ఎక్కించాడు, మెట్రో శుభ్రంగా నడుస్తోందని మూడు వందలు ఇచ్చాక తెలిసింది. అడక్కుండా సాయం చేసేవాళ్లకి ఒక నమస్కారం పెట్టి ముందుకెళ్లిపోండి.

ఉదయం ఎనిమిదింటికల్లా జామా మసీదు దగ్గర ఉండాలి. చెప్పులు విప్పాలి, కాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, నమాజు వేళల్లో పర్యాటకుల్ని లోపలికి పోనివ్వరు. సంచిలో ఒక జత సాక్స్ పెట్టుకోండి, ఎండెక్కితే ఆ రాతి మీద అరికాళ్లు చుర్రుమంటాయి. తూర్పు మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఎదురుగా ఎర్రకోట కనిపిస్తుంది. అక్కణ్ణించి దరీబా సందులోంచి నడిస్తే చాందినీ చౌక్ మెయిన్ రోడ్డు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా దాని మీద మోటారు బండ్లు తిరగనివ్వరు కాబట్టి తల పైకెత్తి నడవొచ్చు, పైన మాత్రం కరెంటు తీగలు సాలెగూడులా ఉంటాయి. ఆ రోడ్డు మీదే శీష్‌గంజ్ గురుద్వారా, గురు తేగ్ బహదూర్‌ని 1675లో శిరచ్ఛేదం చేసిన చోట కట్టింది. తల మీద గుడ్డ కప్పుకుని లోపలికి వెళ్లండి. రోడ్డు చివర ఫతేపురి మసీదు పక్కన ఖారీ బావలీ, మసాలా దినుసుల హోల్‌సేల్ బజారు. మిర్చి బస్తాలు దించుతున్నప్పుడు వెళ్తే గుంటూరు వాళ్లకైనా దగ్గు ఆగదు. హమాలీలు "జరా సైడ్" అని అరిస్తే గోడకి అతుక్కుపోవాలి, అంతే, అక్కడ ట్రాఫిక్ రూల్ అదొక్కటే.

ఈ సందుల్లో దారి తప్పుతారు. టెన్షన్ పడకండి. "భాయ్‌సాబ్, మెట్రో?" అంటే ముగ్గురు చెప్తారు, మూడో ఆయన కొంత దూరం తోడు కూడా వస్తాడు. దారి తప్పితే నిజంగా ఇబ్బంది పడేది న్యూఢిల్లీలో, అన్నీ ఒకేలా ఉండే గుండ్రటి కూడళ్లు, ఎత్తైన గోడలు, లోపల బంగ్లాలు, అడుగుదామంటే గేటు దగ్గర తుపాకీతో నిలబడ్డ సెంట్రీ తప్ప మనిషి ఉండడు.

ఒంటిగంట లోపు చాందినీ చౌక్ స్టేషన్‌లో యెల్లో లైన్ ఎక్కండి. చావడీ బజార్, న్యూఢిల్లీ, రాజీవ్ చౌక్, పటేల్ చౌక్, ఆ తర్వాత సెంట్రల్ సెక్రటేరియట్. దిగి మెట్లెక్కి బయటికొచ్చాక మొదట తెలిసేది నిశ్శబ్దం, చెవులు మూసుకుపోయాయేమో అనిపిస్తుంది. ఆకలేస్తే ఆటోలో అశోకా రోడ్డు దగ్గరున్న ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లి పప్పు, పొడి, నెయ్యితో భోజనం చేయండి, వేళలు ముందే కనుక్కోండి. నీళ్ల సీసా కూడా అక్కడే నింపుకోండి, కొత్త ఢిల్లీలో పక్కన టీ కొట్టు ఉంటుందని నమ్ముకుంటే గొంతు ఎండిపోతుంది.

నాలుగింటికి ఇండియా గేట్ దగ్గర మొదలుపెట్టి కర్తవ్య పథ్ మీద రాష్ట్రపతి భవన్ వైపు నడవండి. 2022 దాకా దీని పేరు రాజ్‌పథ్. రెండు వైపులా నేరేడు చెట్లు. నడిచేటప్పుడు చూపంతా ఆ గుమ్మటం మీదే పెట్టండి. దగ్గరికొచ్చేకొద్దీ పెద్దది కావాలి కదా, విజయ్ చౌక్ చేరేసరికి భవనం ఉన్న గుట్ట వాలు వెనక్కి దిగిపోతుంది! ఆ భవనం కట్టిన ఆర్కిటెక్ట్ లుట్యెన్స్‌కీ, పక్కనున్న సెక్రటేరియట్ భవనాలు కట్టిన హెర్బర్ట్ బేకర్‌కీ ఈ వాలు దగ్గరే గొడవొచ్చి ఏళ్ల తరబడి మాటల్లేవు. ఫోటోల్లో ఇది తెలియదు, నడిస్తేనే తెలుస్తుంది.

చీకటి పడ్డాక కాసేపు ఆగి ఐస్‌క్రీమ్ తినండి, పిల్లలుంటే ఇక కదలరు. కాళ్లలో ఇంకా ఓపిక మిగిలితే సెంట్రల్ సెక్రటేరియట్‌లోనే వయొలెట్ లైన్ ఎక్కండి, ఐదో స్టేషన్ జామా మసీదు. పొద్దున షట్టర్లు దించి ఉన్న, మసీదు ఎదురుగా ఉండే మటియా మహల్ సందులో ఇప్పుడు కబాబుల పొగ, భుజం భుజం రాసుకునే జనం ఉంటారు, పర్సు ముందు జేబులోకి మార్చుకుని దిగండి.