ఉతికిన గుడ్డ రంగులు: కలర్ ఈ-రీడర్‌తో ఒక ఏడాది

పోయిన ఏడాది కలర్ ఈ-రీడర్, అంటే ఈ-పుస్తకాలు చదువుకునే పలక, రంగుల తెర ఉన్నది కొని, పెట్టె విప్పగానే మా నాయనకు చూపించాను. శ్రీకాళహస్తిలో చిన్నప్పటి నుంచీ కలంకారీ వేస్తున్న మనిషి. కళ్లజోడు పైకి తోసుకుని, తెరను చెయ్యంత దూరం పెట్టి చూసి, "ఇదేందమ్మా, ఏట్లో నాలుగుసార్లు ఉతికిన గుడ్డ మాదిరి ఉండాదే" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఏడాది వాడాక ఒప్పుకుంటున్నాను, ఆ తెర గురించి అంతకంటే సరైన మాట లేదు.

ఎందుకలా ఉంటుందో తెలిస్తే సగం చిరాకు పోతుంది. ఎక్కువ కలర్ రీడర్లలో ఉండేది కలైడో 3 తెర. అడుగున మామూలు నలుపు-తెలుపు ఈ-ఇంక్ పొరే, అంటే ఫోన్ తెరలా తనంతట వెలగకుండా, కాగితంలా మీద పడ్డ వెలుతురుతో కనిపించేది. దాని పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లతో జల్లెడలాంటి పొర. బయటి వెలుతురు ఆ జల్లెడ దాటి లోపలికి వెళ్లి, మళ్లీ దాన్ని దాటే మన కంటికి చేరాలి. చాలా భాగం దారిలోనే ఇంకిపోతుంది. అందుకే పేజీ తెల్లగా కాక బూడిద రంగుకు తిరిగి ఉంటుంది. అక్షరాలు అంగుళానికి 300 చుక్కల్లో వస్తే, రంగు బొమ్మలు 150లోనే వస్తాయి. మొత్తం రంగులు 4,096. ఫోన్ తెరకైతే కోటిన్నర పైమాటే. జల్లెడ లేకుండా రంగు రేణువులే కదిలే గ్యాలరీ 3 అనే రకం కూడా ఉంది. అందులో రంగు చిక్కగా ఉంటుంది గానీ, పేజీ మారడానికి ఆలస్యమవుతుంది.

కాబట్టి మొదటి పని రీడర్‌లోనే ఉండే లైటు చూసుకోవడం. నలుపు-తెలుపు రీడర్‌కు పగలు లైటే అక్కర్లేదు. దీనికి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కూడా కావాలి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, పేజీ దానికి దగ్గరగా వచ్చేదాకా లైటు పెంచండి. మా ఇంట్లో అది సగానికి కాస్త పైన కుదిరింది. ఆ మేరకు ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది, తప్పదు. మేడ మీద పొద్దున ఏడు గంటల ఎండలో మాత్రం లైటు తీసేసి చూడండి. ఈ తెర అందం అప్పుడే తెలుస్తుంది. తిరుపతి నుంచి కాళహస్తికి బస్సులో వెళ్లేటప్పుడు నేను కిటికీ సీటు కోసం పరిగెత్తేది గాలి కోసం కాదు.

రాత్రిపూట పసుపు లైటు కంటికి హాయి. బొమ్మలు చూసేటప్పుడు మాత్రం దాన్ని ఆపేయండి. మా దగ్గర గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, లేత పసుపుగా తేలుతుంది. పసుపు లైటులో చూస్తే ఆ గుడ్డకూ ఉత్త తెల్లగుడ్డకూ తేడా తెలియదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. ఒకరు చీర అంచు నమూనా పీడీఎఫ్‌గా పంపించారు. బస్సులో రీడర్‌లోనే చూసి, అంచు కాఫీ పొడి రంగు అనుకుని మా తమ్ముడికి ఫోన్లో చెప్పేశాను. అది నిజానికి ముదురు ఎరుపు. రెండు మీటర్ల గుడ్డ దండగ. వాడు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఈ తెర మీద ముదురు రంగులన్నీ ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతాయి. నీలిమందు నీలం, ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి తీసిన నలుపు పక్కపక్కన ఉంటే ఏది ఏదో చెప్పలేం. కొన్ని రీడర్లలో రంగు చిక్కబరిచే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పెంచితే కళగా కనిపిస్తుంది, అసలు రంగుకు ఇంకా దూరమవుతుంది. ఇది నెమలి, ఇది తామర అని గుర్తుపట్టడానికి ఈ రంగు చాలు. అంచు ఏ రంగో తేల్చాలంటే ఫోన్ తియ్యండి, ఇంకా మంచిది గుడ్డ ముక్క తెప్పించుకోండి.

తెలుగు పుస్తకాలకు ఇంకో చిక్కుంది. జల్లెడ వల్ల అక్షరాల చుట్టూ సన్నటి ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఇంగ్లీషుకు అది పెద్దగా తెలియదు. మన ఒత్తుల దగ్గర తెలుస్తుంది. సన్నటి ఫాంటు వద్దు, లావుపాటిది పెట్టుకుని సైజు ఒక మెట్టు పెంచండి. సొంత ఫాంట్లు ఎక్కించుకునే వీలున్న రీడరైతే ఇంకా మంచిది. డబ్బులు పెట్టి పుస్తకం కొనే ముందు ఉచిత శాంపిల్ దించుకుని, "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు విడిపోకుండా వస్తున్నాయా చూడండి. స్కాన్ చేసిన పాత పుస్తకాలైతే అంచులు కత్తిరించి, కాంట్రాస్ట్ పెంచి, రీడర్‌ను అడ్డంగా తిప్పి చదవండి. అయినా అరగంట తర్వాత కళ్లు లాగుతాయి.

బొమ్మ పేజీ దాటాక దాని నీడ తర్వాతి పేజీలో మిగిలితే కంగారు పడొద్దు, రిపేరేం కాదు. పేజీ మొత్తం రిఫ్రెష్ అయ్యేలా సెట్టింగ్ మార్చుకోండి. తెర ఒక్కసారి మినుక్కుమంటుంది, నీడ పోతుంది. బొమ్మల పుస్తకానికి ప్రతి పేజీకీ పెట్టుకోండి, నవలకు అక్కర్లేదు.

మే నెలలో దీన్ని కారులో వదలకండి, మన ఎండలు తెలిసినవే. కొండకు తీసుకెళ్లినా దర్శనం క్యూలోకి పనికిరాదు. ఫోన్‌తో పాటు దీన్నీ కౌంటర్లో ఇచ్చేసి వెళ్లాల్సిందే.

నవలలు తప్ప ఇంకేమీ చదవని మా వదిన అడిగితే నలుపు-తెలుపుదే కొనుక్కోమన్నాను. కొనుక్కుంది. ఆమె రీడర్ పక్కన నాది పెట్టినప్పుడల్లా, ఆ తెల్లటి పేజీ చూసి నాకు కాస్త కుళ్లుగానే ఉంటుంది.