పాదం పరీక్ష నేర్చుకుందాం – 5వ పాఠం: అరికాలిలో గడ్డ

నేరుగా నొక్కితే ఆనెకాయ నొస్తుంది, రెండు పక్కల నుంచి పిండితే పులిపిరి నొస్తుంది. అది పోయిన పాఠం. ఈ రెండింట్లోనూ ఇమడని గడ్డ ఒకటుంది: ఎపిడెర్మాయిడ్ సిస్ట్, అంటే చర్మం కింద కట్టే సంచి. ముఖం, మెడ, వీపు మీద మామూలే, అరికాలిలో అరుదు.

వీపు మీదైతే ఎక్కువగా వెంట్రుక కుదురు మూసుకుపోయి పుడుతుంది. అరికాలిలో కుదుళ్లే లేవు కదా, మరెలా? చాలాసార్లు ముల్లు వల్ల. అది దిగినప్పుడు పైచర్మం తునక కూడా లోపలికి పోతుంది. అక్కడా అది చర్మం పనే చేస్తుంది, కెరటిన్ (చర్మం పైపొరలోని గట్టి పదార్థం) రాలుస్తూనే ఉంటుంది. పైన రాలితే స్నానంలో పోయేది. లోపల దారి లేక సంచి కడుతుంది. కొన్ని సిస్టుల్లో పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌లలో 60వ రకం కూడా దొరికింది.

అందుకే చేయి పెట్టేముందు అడగాలి. అనంతపురం పల్లెల్లో "ముల్లు గుచ్చుకుందా?" అంటే నవ్వుతారు, సర్కారు తుమ్మ కంప లేని గట్టేదీ? "ఇదే చోట ఎప్పుడైనా ముల్లు విరిగిందా అక్కా, పిన్నీసుతో తీసుకున్నావా?" అనండి. ఏళ్ల కిందటిదైనా రాసుకోండి.

ఇక వేళ్లు. కాలు చాపించి గడ్డను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టండి. గుండ్రంగా, గట్టిగా, కాస్త కదులుతుంటే సిస్టు కావచ్చు. వీపు సిస్టు మీదుండే నల్లచుక్క ఇక్కడ సాధారణంగా ఉండదు. గడ్డ మీద చర్మపు గీతలు తెగకుండా సాగుతున్నాయేమో చూడండి, పులిపిరి మీద తెగిపోతాయి. టార్చి ఆనిస్తే నీటి గడ్డ వెలుగుతుంది, సిస్టు వెలగదు అంటారు. నిజమే, కానీ అరికాలి తోలు మందం, ఆ వెలుగును నేనైతే నమ్మను. అల్ట్రాసౌండ్ నయం.

నొప్పి పెద్దగా లేని వాపు, చీము కారే రంధ్రాలు, చీములో రవ్వలాంటి గింజలు ఉంటే సిస్టు కాదు, మదురా ఫుట్ (ఫంగస్ లేదా బ్యాక్టీరియా వల్ల పాదానికి పట్టే మొండి ఇన్ఫెక్షన్) అని అనుమానించాలి. ఎముక దాకా పాకుతుంది.

బ్లేడుతో కోసి పిండితే తెల్లటి ముద్ద వచ్చి తగ్గినట్టే ఉంటుంది. సంచి గోడ మిగిలితే మళ్లీ నిండుతుంది. సర్జన్ మత్తు సూది వేసి సంచిని మొత్తంగా తీసి బయాప్సీకి (మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు) పంపాలి. షుగర్ ఉన్నా, గడ్డ ఎర్రబడి కాలుతున్నా ఆ రోజే పంపేయండి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సర్జరీ ఓపీ ఉంది.

అభ్యాసం: ఇంట్లో బడి పిల్లవాడి అరికాలు, చేనుపని చేసే పెద్దవారి అరికాలు నొక్కి, తోలు మందంలో తేడా రాసుకోండి. వచ్చే పాఠం మదురా ఫుట్ గింజల రంగుల మీద.