జర్మన్‌లో ‘పుట్’ అనాలంటే ముందు చేత్తో పెట్టి చూడండి

ఇంగ్లీషులో దేనికైనా ‘పుట్’ అనేస్తాం, మన ‘పెట్టు’ కూడా దాదాపు అంతే, జర్మన్‌కి వచ్చేసరికి నాలుగైదు క్రియలు, ప్రతిసారీ తప్పే. ఇప్పుడు నేను డిక్షనరీ మూసేసి, పెట్టాక వస్తువు ఎలా ఉంటుందో చూస్తున్నాను. సీసా నిలబడుతుంది, ష్టెలెన్. పెన్ను పడుకుంటుంది, లేగెన్. తాళంచెవి జేబులో దూరుతుంది కాబట్టి ష్టెకెన్, కోటు వేలాడుతుంది కాబట్టి హెంగెన్, పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెడితే జెట్సెన్. రోజుకి 5 వస్తువులు నిజంగా పెడుతూ మాట పైకి అనండి, నాకు వారంలో నోటికొచ్చేసింది. ఒక్క తిరకాసు: పళ్ళెం చదునుగా ఉందని లేగెన్ అనేయకండి, టేబుల్ మీద పెట్టేటప్పుడు దానికీ ష్టెలెనే. బట్టలు వేసుకునే ‘పుట్ ఆన్’కి అసలీ లెక్క పనిచేయదు, దానికి ఆన్‌త్సీయెన్ విడిగా నేర్చుకోవాల్సిందే.