గోలలో మాట – 4వ పాఠం: అరిస్తే కోట తోటవుతుంది

డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలతో గోలలో ఎలా మాట్లాడాలో ఇంట్లోవాళ్లకు చెప్పే పాఠాలివి. ఈసారి వాళ్లను క్లాసులో ఎక్కడ కూర్చోబెట్టాలో వివరంగా చెబుదామనుకున్నాను. మూడో పాఠం చేసినవాళ్లు రాసిన మాటలు చూశాక అది చివర నాలుగు ముక్కలకు కుదించక తప్పలేదు.

ఆ పాఠంలో, టీవీలో చర్చా కార్యక్రమం పెట్టి, కోట–తోట, పూట–మూట, పాట–బాట లాంటి జంటలు పలికి, పిల్లల చేత తిరిగి చెప్పించమన్నాను. "టీవీ లేనప్పుడు అన్నీ చెప్పాడు, పెట్టగానే తడబడ్డాడు, చెవుడేమోనని టెన్షన్‌గా ఉంది" అని కొందరు. "ధ్యాస టీవీ మీదే ఉంది, రెండు తగిలించాను" అని ఇంకొందరు. ఈ రెండో రకం వాళ్లు దయచేసి ఆ పని మానేయండి. నేనిచ్చింది ఆట, పరీక్ష కాదు.

చెవుడు సంగతి. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీసేది నిశ్శబ్దంగా ఉండే గదిలో, సన్నని కూతలతో. డిస్‌లెక్సియా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అది మామూలుగానే వస్తుంది. అయినా ఒకసారి చేయించండి, జలుబుకి చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది కాబట్టి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాలు చూసే జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆడియోగ్రామ్ బాగుందంటే, తడబాటు విన్న మాటను ధ్వనులుగా విడదీసుకునే దగ్గర ఉందనుకోవచ్చు. చదివేటప్పుడు ఇబ్బంది పెట్టేదీ అదే. నిశ్శబ్దంలో ఎలాగో నెట్టుకొచ్చేవాడు గోలలో దొరికిపోతాడు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లలందరికీ ఇది ఒకే మోతాదులో ఉండదు, కొందరిలో అసలు కనబడదు.

మలక్‌పేట నుంచి ఒకావిడ, "వాక్యాలు చెబితే మా పాప అన్నీ పట్టేసింది, మీ పాఠమే తప్పు" అని రాశారు. "తోటలో జామకాయలు కోసుకొచ్చారు" అంటే 'త' వినబడకపోయినా జామకాయలే దారి చూపిస్తాయి కదండీ. చురుకైన పిల్లలు ఇలాగే నెగ్గుకొస్తారు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. పేజీ నంబరు, కొత్త టీచరు పేరు, సైన్సులో కొత్త పదం వచ్చినప్పుడు ఊతం ఉండదు. డెబ్భై రెండో పేజీ తీయమంటే తొంభై రెండోది తీస్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే ఇంకా కష్టం. రెండో భాషను గోలలో పట్టుకోవడం ఎవరికైనా బరువే.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. వినలేదనగానే అందరూ గొంతు పెంచుతారు. వంటింట్లోంచి హాల్లోకి కేక. అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చులే. క, త, ప లాంటివి క్షణంలో పుట్టి పోయే చిన్న చప్పుళ్లు, అవి అంతగా పెరగవు. "కోట" అని అరిస్తే అవతలికి "ఓఓట" చేరుతుంది. అది కోటో, తోటో, నోటో వాడే ఊహించుకోవాలి. మళ్లీ అరుస్తారు, మళ్లీ "ఓఓట". మూడోసారికి "చెవులు దొబ్బాయా?" అంటారు. ఆ ఒక్క ముక్క మాత్రం వాడికి స్పష్టంగా వినబడుతుంది! నాలుగోసారి వాడు వినబడకపోయినా "ఆ" అనేస్తాడు. అందుకే "విన్నావా?" అనే ప్రశ్నను నేనెప్పుడూ అడగను, "ఏం తెస్తున్నావు?" అంటాను.

అరవకుండా దగ్గరికి వెళ్లండి. పేరు పిలిచి, మీ వైపు తిరిగేదాకా ఆగండి. కాస్త నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య సందు వదిలి, హల్లులు తేల్చి పలకండి. 2003లో అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అభ్యసన ఇబ్బందులున్న పిల్లలకు గోల మధ్య వాక్యాలు వినిపించారు. ఇలా తేటగా పలికిన వాక్యాలను వాళ్లు బాగా పట్టుకోగలిగారు. ముఖం కనబడితే మరీ మేలు, 'త'కి నాలుక పళ్లను తాకడం కనిపిస్తుంది. ప, బ, మ మాత్రం పెదాల మీద ఒకేలా ఉంటాయి, అక్కడ మోసపోకండి. కుక్కర్ విజిల్ వేస్తుంటే నేనైతే నోరే తెరవను.

క్లాసు గురించి: రోడ్డు వైపు కిటికీకి, కూలర్‌కీ దూరంగా, టీచరు ముఖం కనబడేలా. ఆరుబయట దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ (శబ్దం కొలత) తగ్గుతుంది. గదిలో ప్రతిధ్వని కూడా తోడై మాటను అలికేస్తుంది. బోర్డు వైపు తిరిగి హోంవర్క్ చెప్పొద్దని టీచరుగారిని మర్యాదగా అడగండి. టీచరుకి మైకు, పిల్లల చెవికి రిసీవర్ పెట్టే పద్ధతి కూడా ఉంది, దాని గురించి తర్వాత.

అభ్యాసం: మొదటి ధ్వని మాత్రమే మారే జంటలు ఇరవై మీరే రాయండి. నావి వాడొద్దు. రేపు సాయంత్రమంతా నానమ్మ, తాతయ్యలతో సహా ఎవరూ ఇంకో గదిలోంచి పిల్లవాణ్ని కేకేయకూడదు. రాత్రి టీవీ పెట్టి, మీరు గోడ వైపు తిరిగి కూర్చోండి. గదికి ఆ చివర నుంచి పిల్లవాడు మీ జంటలు చదవకుండా, మీరు వేసిన బొమ్మలు చూసి చెబుతాడు, మీరు రాయండి. బొమ్మలు వేయడానికి వీల్లేని పదాలు పెట్టుకున్నవాళ్లు జాబితా మళ్లీ మొదలుపెట్టాలి. మీరు రాసిన తప్పులు దిద్దకుండా నాకు పంపండి.