"ధైర్యం టీచర్!" అన్న జవాబు దగ్గర ఆగిపోకుండా: సాహస కథల్లో థీమ్ వెతకడం నేర్పించేదెలా

అడవిలో తప్పిపోయినవాళ్ల కథ, మంచులో చిక్కుకున్నవాళ్ల కథ అంటే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. చిక్కంతా కథ అయిపోయాకే. "దీని థీమ్ ఏంటి?" అని, అంటే కథ లోలోపల చెబుతున్న మాట ఏంటని అడగ్గానే క్లాసంతా ఒకటే మాట: "ధైర్యం టీచర్!" సముద్రం కథకీ అదే, ఎడారి కథకీ అదే. పట్టుదల అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, అంతే.

ఆ జవాబు తప్పని నేను అనను. బోర్డు మీద "ధైర్యం" అని రాసి, పక్కన "అయితే ఏంటి?" అని రాస్తాను. ధైర్యం గురించి ఈ కథ ఏమంటోంది? అది ఎప్పుడు పనికొచ్చింది, ఎప్పుడు కొంప ముంచింది? జవాబు ఒక పూర్తి వాక్యంగా వచ్చేదాకా థీమ్ ఇంకా దొరకనట్టే లెక్క.

మొదటి కథగా, హీరో క్షేమంగా ఇంటికి చేరేది మాత్రం తీసుకోకండి. గెలిచిన కథలో పిల్లలు గెలుపునే చూస్తారు, ధైర్యం అనేసి చేతులు దులుపుకుంటారు. పదకొండు, పన్నెండేళ్లు దాటినవాళ్లకు నేను అమెరికన్ రచయిత జాక్ లండన్ రాసిన 'టు బిల్డ్ ఎ ఫైర్' చెబుతాను. దీనికి రెండు రూపాలున్నాయి, నేను చెప్పేది 1908 నాటిది. కెనడా వాయవ్యాన ఉన్న యూకాన్ ప్రాంతంలో మైనస్ 75 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 59 డిగ్రీల సెల్సియస్ చలి. ఒంటరిగా వెళ్లొద్దని ఒక ముసలాయన చెప్పినా వినకుండా బయల్దేరిన ఒక మనిషి, వెంట ఒక కుక్క. మనిషి చనిపోతాడు. చేతులు వెచ్చబరచుకోవడానికి కుక్కను చంపాలనుకునే ఘట్టం ఒకటుంది. సున్నితమైన పిల్లలుంటే ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. అంతకన్నా చిన్నవాళ్లకు ఈ కథ వద్దు.

మొదటిసారి చదివేటప్పుడు ప్రశ్నలుండవు, పెన్సిళ్లుండవు. చదివాక కాసేపు వాళ్లనే మాట్లాడనివ్వండి. "నేనైతే అగ్గిపెట్టె చొక్కా లోపల దాచుకునేవాణ్ని", "నేనైతే అసలు బయల్దేరేదాన్నే కాదు" అని ఒకటే గోల చేస్తారు. ఆపకండి. ఆ "నేనైతే" మాటల్లోనే సగం థీమ్ ఉంటుంది. ఎవరో ఒకరు తప్పకుండా "నేనైతే ఆ ముసలాయన మాట వినేవాణ్ని" అంటారు. దాన్ని ఓ మూల రాసిపెట్టుకోండి.

రెండోసారి మొత్తం చదవక్కర్లేదు. మంట ఆరిపోయిన చోటికి వెళ్లండి. మంచు కింద దాగున్న నీళ్లలో కాళ్లు తడిసిపోతే ఆ మనిషి స్ప్రూస్ అనే చలిప్రాంతపు సూదాకుల చెట్టు కింద మంట వేస్తాడు. పక్కనున్న పొదలోంచి పుల్లలు లాగి మంటలో వేయడం అక్కడ సులువు మరి. లాగిన ప్రతిసారీ చెట్టు కాస్త కదులుతుంది. కొమ్మల మీద మోయలేనంత మంచుంది. పై కొమ్మ ఒకటి తన మీదున్న మంచును కింది కొమ్మల మీద జారవిడుస్తుంది, అక్కణ్నుంచి మొత్తం కుప్పగా వచ్చి మంట మీద పడుతుంది. అంతే, మంట లేదు. ఇక్కడ పుస్తకం మూసి అడగండి: మంటను ఆర్పింది ఎవరు? సగం మంది మంచు అంటారు, సగం మంది ఆ మనిషే అంటారు. వాదించుకోనివ్వండి.

తర్వాత రంగు పెన్సిళ్లు ఇవ్వండి. ఈ చలిలో ఒంటరిగా వెళ్లొద్దని చెప్పిన ముసలాయన ఆ మనిషికి ఎక్కడెక్కడ గుర్తొచ్చాడో అక్కడ గీత గీయాలి. ముందు ఆ ముసలాయన మాటకు తాను నవ్వుకున్న సంగతి గుర్తొస్తుంది. కాళ్లు తడిశాక వేసిన మంట బాగా అంటుకున్నప్పుడు, చూశావా, నేనొక్కణ్నే నెట్టుకొచ్చాను అనుకుంటాడు. మంట ఆరాక, ఆయన చెప్పింది నిజమేనేమో అనిపిస్తుంది. చనిపోయే ముందు నిజమేనని ఒప్పుకుంటాడు. ఏ రచయితా ఒక మనిషిని ఊరికే అన్నిసార్లు గుర్తుచేయడు. మళ్లీ మళ్లీ వచ్చేది, వచ్చిన ప్రతిసారీ కొంచెం మారేది ఏంటో కనిపెట్టడం పిల్లలకు అలవాటైతే మీ పని చాలావరకు అయినట్టే.

ఆ తర్వాత మా క్లాసులో మాటలు ఇలా సాగుతాయి:

"ఆ మనిషికి చలి గురించి తెలియదా?"

"తెలుసు టీచర్. ఉమ్మితే గాల్లోనే చిటపటమంది కదా, దాన్ని బట్టే ఎంత చలో లెక్కేశాడు."

"మరి తెలిసీ ఎలా చనిపోయాడు?"

ఇక్కడ మీరు నోరు మూసుకుని ఉండాలి. చెప్పేయాలని ఎంత దురదగా ఉన్నా సరే. కాసేపటికి వెనక బెంచీ నుంచి వస్తుంది: "తెలుసు గానీ, తనకేం కాదులే అనుకున్నాడు."

ఇంకేం, దొరికింది. ఇప్పుడు ఆ వాక్యంలోంచి ఆ మనిషిని తీసేయమనండి. "ప్రమాదం గురించి తెలిసినా, అది తన దాకా రాదనుకునే మనిషి దాని నుంచి తప్పించుకోలేడు." ఏడో తరగతి పిల్లలు రాయగలిగిన వాక్యమే ఇది. రాశాక కథలో రెండు చోట్లు చూపించమనండి, ఒకటి మొదటి సగంలోంచి, ఒకటి రెండో సగంలోంచి. రెండూ చివరి పేజీ నుంచే తెస్తే అది ముగింపు గురించిన అభిప్రాయం మాత్రమే. మళ్లీ వెతకాలి.

"ఒంటరిగా వెళ్లకూడదు" అని రాసేవాళ్లు చాలామందే ఉంటారు. అది జాగ్రత్త, గోడ మీద రాసుకోవచ్చు. దాన్ని కొట్టేయకుండా "వెళ్లకూడదని తెలిసీ ఎందుకు వెళ్లాడు?" అని అడిగితే వాళ్లే ఇంకో మెట్టు దిగుతారు. "ప్రకృతి మనిషికి శత్రువు" అన్నది ఇంకొకటి. దానికి నా ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఆ చెట్టుకు అతని మీద కోపమా?" నవ్వుతారు, నవ్వాక ఆలోచిస్తారు. కుక్క గురించి కూడా అడగడం మర్చిపోకండి. దాని దగ్గర థర్మామీటర్ లేదు, అయినా ఇది నడవాల్సిన రోజు కాదని దానికి తెలుసు. కుక్క వైపు నుంచి పూర్తిగా వేరే థీమ్ పట్టుకొచ్చే పిల్లలున్నారు. నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.

నిజంగా జరిగిన కథలకు వచ్చేసరికి కొంచెం జాగ్రత్త కావాలి. 1971 డిసెంబర్ 24న పెరూలో విమానం కూలిపోతే అందులో ఉన్న 92 మందిలో బతికింది 17 ఏళ్ల జూలియన్ కొప్కే ఒక్కతే. వాగు వెంట నడిస్తే మనుషులు కనబడతారని తండ్రి చెప్పిన మాట పట్టుకుని 11 రోజులు అడవిలో గడిపింది. పిల్లలు వెంటనే "ధైర్యం ఉన్నవాళ్లు బతుకుతారు" అని రాస్తారు. ఆ విమానంలోనే ఆమె తల్లి కూడా ఉంది. "మరి వాళ్లమ్మకు ధైర్యం లేదా?" అని మెల్లగా అడగండి. అదృష్టం అనే మాట అప్పుడు వస్తుంది, రావాలి కూడా. చనిపోయినవాళ్లను తప్పుపట్టే వాక్యాన్ని నేను థీమ్‌గా ఒప్పుకోను.

అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించిన షాకల్టన్ కథకు ఒక్క ప్రశ్న చాలు: ఏం పారేశారు, ఏం ఉంచుకున్నారు? 1915లో అంటార్కిటికా మంచులో 'ఎండ్యూరెన్స్' ఓడ నలిగిపోతున్నప్పుడు ఒక్కొక్కరు రెండు పౌండ్లు, అంటే కిలో కంటే తక్కువ సొంత సామాను మాత్రమే తీసుకెళ్లాలన్నాడు. తన బంగారు నాణేలు తనే మంచులో పడేశాడు. కానీ హస్సీ అనే సహచరుడి బాంజో వాయిద్యాన్ని మాత్రం పట్టుబట్టి తీసుకెళ్లనిచ్చాడు. ఆకలితో ఉన్నవాళ్లకు బాంజో ఎందుకు అన్న ప్రశ్నతో ఒక పీరియడ్ గడిచిపోతుంది.

ఇవేవీ పట్టుబడని పిల్లలకు ఒక ఊతం ఇవ్వండి: "మొదట్లో అతను ... అనుకున్నాడు, చివరికి ... అని తెలిసింది." ఖాళీలు నింపాక పేర్లు తీసేయమనండి. ఇద్దరు పిల్లలు ఒకదానికొకటి పొసగని వాక్యాలు రాస్తే కంగారు పడకండి. ఇద్దరూ కథలోంచి ఆధారాలు చూపిస్తే ఇద్దరికీ పూర్తి మార్కులు వేయండి. ఒకరి పేపర్ ఇంకొకరికి ఇచ్చి, అవతలివాళ్ల వాక్యాన్ని బలపరిచే చోటు ఇంకొకటి కథలో వెతకమనండి.