మళ్ళీ మరగబెడితే సరిపోతుందా? కర్రీ పాయింట్ వంటగదిలో నేను పాటించే జాగ్రత్తలు

"కాస్త పాతదైనా ఫర్లేదండీ, ఒకసారి మరగబెడితే క్రిములన్నీ చచ్చిపోతాయి." విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతున్న నాకు రోజూ వినపడే మాట ఇది. కొత్తగా వంటకు చేరినవాళ్ళూ అంటారు, పార్శిల్ పట్టుకెళ్ళేవాళ్ళూ అంటారు. ఇందులో సగమే నిజం. కొన్ని క్రిములు మరిగితే చస్తాయి. కొన్ని గట్టి పెంకు కట్టుకుని బతికిపోతాయి. ఇంకొన్ని చచ్చినా, అవి వదిలిన విషం మాత్రం కూరలోనే ఉంటుంది. అందుకే దేనిలో ఏది చేరుతుందో తెలుసుకుని వండాలి.

ముందు అన్నం సంగతి. మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంతో పాటే వంటింట్లోకి వస్తుంది. దీని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకున్న రూపం, ఎసరు మరిగినా చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యాక అవి మేలుకుని పెరుగుతాయి, విషాన్ని వదులుతాయి. ఆ విషం ప్రెషర్ కుక్కర్ వేడికి కూడా విరగదు. తిన్నాక 1 నుంచి 6 గంటల్లో వాంతులు మొదలవుతాయి. అన్నానికి వాసనా మారదు, రుచీ మారదు. కాబట్టి పొద్దున్నే ఒకేసారి వార్చి పెట్టకండి, రెండు మూడు వాయిలుగా వండండి. వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైనే ఉంచండి. మిగిలితే వెడల్పు పళ్ళేల్లో పలచగా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఒక్కసారే వేడి చేయండి, అప్పుడూ మిగిలితే పారేయండి.

మరి మన పెద్దవాళ్ళు చద్దన్నం తినలేదా అంటారు. తిన్నారు. నీళ్ళలోనో మజ్జిగలోనో నానబెట్టి పులియబెట్టిన అన్నం అది. లాక్టిక్ బ్యాక్టీరియా తెచ్చే పులుపులో ఈ బాసిల్లస్ సరిగా పెరగలేదు. చింతపండు పులుపు ప్రతి మెతుక్కీ పట్టిన పులిహోర ప్రయాణాల్లో నిలిచేదీ అందుకే. గిన్నెలో మూతపెట్టి వదిలేసిన తెల్లన్నానికి ఆ రక్ష లేదు.

సాంబారుకీ, చికెన్ కూరకీ వేరే గొడవ. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకి గాలి అక్కర్లేదు. పెద్ద డేక్సా అడుగున, చిక్కటి గ్రేవీ లోపల హాయిగా పెరుగుతుంది. 43 నుంచి 45 డిగ్రీల్లో దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మే నెలలో బెజవాడ వంటగదే ఆ వేడిలో ఉంటుంది. డేక్సాను బయట చేత్తో తాకితే చల్లారినట్టే అనిపిస్తుంది, థర్మామీటర్ ముల్లు నడిమధ్యకు దించితే ఇంకా 50 చూపిస్తుంది. ఆ ముల్లు కొనుక్కోండి, పెద్ద ఖరీదేమీ కాదు.

మా పద్ధతి ఇదీ. పొయ్యి కట్టేయగానే సాంబారును వెడల్పు బేసిన్లలోకి నాలుగు వేళ్ళ లోతు మించకుండా వంచుతాం. ఆ బేసిన్లను ఐసు వేసిన నీళ్ళ టబ్బులో సగందాకా మునిగేట్టు పెట్టి, కడిగిన గరిటెతో మధ్యమధ్య కలుపుతాం. 60 నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో దిగాలి, అక్కణ్ణుంచి 5కి మరో 4 గంటల్లో. 21కి దిగాకే ఫ్రిజ్‌లోకి. వేడి డేక్సాను అలాగే లోపల పెడితే అది చల్లారదు సరికదా, పక్కనున్న పాలూ పెరుగూ వెచ్చబడతాయి. తీశాక కూర నడుమ 75 డిగ్రీలు దాటేదాకా తెర్లించండి. పెర్ఫ్రింజెన్స్ విషయంలో మాత్రం మరగబెట్టడం నిజంగానే పనిచేస్తుంది.

మనిషి ముక్కులో, చర్మం మీద, చీము పట్టిన పుండులో ఉండేది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. దీని విషమూ మరిగినా పోదు. వేలు తెగినవాళ్ళకు తడి దిగని పట్టీ వేసి, పైన గ్లౌజు తొడిగించండి. పుండు చీము పట్టిందంటే వంట దగ్గరకే రానివ్వద్దు, బిల్లుల దగ్గర కూర్చోబెట్టండి. పులిహోర, కొబ్బరి పచ్చడి చేత్తో కలపొద్దు. గ్లౌజు తొడుక్కుని చిల్లర లెక్కపెట్టి, అదే చేత్తో కూర కట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పచ్చి కోడిమాంసం, గుడ్లలో ఉండే బ్యాక్టీరియా సాల్మొనెల్లా. బాగా ఉడికితే చస్తుంది, కానీ కొళాయి కింద చికెన్ కడిగేటప్పుడు చిందే తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి, దాన్ని మనం పచ్చిగానే చల్లుతాం. కడగాలనుకుంటే గిన్నెలో, దూరంగా కడగండి. పచ్చి గుడ్ల మయోనైజ్ జోలికే పోవద్దు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు దాన్ని నిషేధించింది.

వేరుశనగ గుళ్ళూ ఎండుమిర్చీ చెమ్మ తగిలితే ఆస్పర్‌జిల్లస్ బూజు పడుతుంది. అది వదిలే అఫ్లాటాక్సిన్ కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. రంగు మారినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి.

ఇక వైరస్‌లు. నోరోవైరస్, హెపటైటిస్ ఎ కూరలో పెరగవు, చేతుల మీదుగా వస్తాయి. నోరోవైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు రుద్దాల్సిందే. వాంతులో విరేచనాలో అయిన మనిషి, తగ్గాక కూడా 48 గంటలు వంటగదిలోకి రాకూడదు. మా దగ్గర ఆ రెండు రోజుల జీతం కోయను. కోస్తే ఎవరూ చెప్పరు, ఒంట్లో బాగోకపోయినా దాచుకుని వచ్చి గరిటె పట్టుకుంటారు.